గొంగళిలో ఇంకిన పాలు

కాటమయ్య ఉన్నాడే, గట్టుకింద పల్లె గొర్రెల కాటమయ్య, వాడికి శకునాల పిచ్చి అంట. పిల్లి అడ్డమొస్తే ఆగేవాడు, ఎవరన్నా తుమ్మితే ఆగేవాడు, కట్టెలమోపు ఎదురొచ్చిందా ఇంక ఆ పూటకి మంద దొడ్లోనే. గొర్రెలు ఆకలికి అరిచి చావనీ, వాడికి మాత్రం శకునం బాగుండాలి. ఏం నవ్వుతావే సుబ్బులూ, మీ మామ మాత్రం తక్కువా? సరే, వినండి. వాడికి పెళ్ళైన చానాళ్ళకి పెళ్ళాం అంకాలమ్మ నీళ్ళోసుకుంది. నెలలు నిండి ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ ఊళ్ళో మంత్రసాని మాలకొండమ్మ అని ఒకామె. మొగుడు పోయాడు, కడుపున కాయ కాయలేదు, ఊళ్ళో పిల్లలందరికీ బొడ్డు కోసింది మాత్రం ఆమే. వానలు పడ్డాక గట్టు మీద ఒక తీగ లేస్తది. దాని వేరు తవ్వి తెచ్చి, దంచి, నువ్వుల నూనెలో సన్న సెగ మీద కాచి కుండకెత్తి పెట్టుకునేది. బాలింత రొమ్ములకి ఆ నూనె రుద్దిందనుకో, ఎండిన దానిక్కూడా పాలు పొంగాల్సిందే. వేరు పేరు నాకు తెలుసు గానీ చెప్పను. చెబితే తెల్లారేసరికి గట్టంతా తవ్వి పెడతారు మీరు.

ఏమైందంటే, ఒకనాడు పొద్దున్నే కాటమయ్య మందని తోలుకుని బయల్దేరాడు. ఒంటి మీద చొక్కా ఎరగడు, గోచీ, భుజాన గొంగళి, అంతే. ఆ గొంగళి వాళ్ళ తాత నేయించింది. గొంగళి ఉతికితే మంద ఊడ్చుకుపోద్దని వాళ్ళ నమ్మకం. తాత ఉతకలేదు, అయ్య ఉతకలేదు, వీడూ ఉతకలేదు. వాన పడితే అదే గొడుగు, ఎండ కాస్తే అదే నీడ, పడుకుంటే అదే పక్క. అట్టా వాడు సందు మలుపు తిరిగాడో లేదో, ఎదురుగా మాలకొండమ్మ. విధవరాలు ఎదురు, పైగా నెత్తిన నూనె కుండ. ఇంక చూస్కో, వాడికి ఒళ్ళు మండిపోయింది. "పొద్దున్నే నీ మొహం తప్ప ఇంకేం దొరకలేదటే నాకు" అని గొర్రెల కర్ర ఎత్తి కుండ మీద ఒక్కటేశాడంట. కుండ ఫట్టున పగిలి నూనంతా వాడి మీదికే దూకింది. గొంగళి తడిసి ముద్దయింది, రొమ్మంతా జిడ్డు. మాలకొండమ్మ అరవలేదు, తిట్టలేదు. పెంకులు ఏరుకుంటా, "ఒరే కాటమా, ఇది నీ పెళ్ళానికే తెస్తన్నానురా. ఈ ఏటికి ఇదే ఆఖరి కుండ. సరేలే, మీ ఇంటికి రావాల్సింది మీ ఇంటికే వచ్చింది" అని పోయిందంట. ఆ మాట వాడి చెవిలో ముల్లులా గుచ్చుకుంది. తిట్టినా బాగుండు అనుకున్నాడంట.

అంకాలమ్మకి నొప్పులొస్తే మాలకొండమ్మే వచ్చింది. అది ఆమె పని, మానదు. ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోసింది, నీళ్ళు పోసింది, వెళ్ళిపోయింది. తల్లికి పాలు పడలా. నూనేదీ అని అడిగితే, కుండ పగిలిందంట అని కాటమయ్యే చెప్పాడు. వెల్లుల్లి తినిపించారు, మెంతులు తినిపించారు, ఊహూఁ. బిడ్డ చీకి చీకి గుక్కపట్టి ఏడ్చేది. ఎండాకాలం, గొర్రెలు వట్టిపోయినాయి, ఊళ్ళో పాడి లేదు. మొదట్లో పాలున్న తల్లులు ఒకరిద్దరు బిడ్డని తీసుకుని పట్టేవాళ్ళు, ఎట్టాగో నెట్టుకొచ్చారు.

ఇక్కడ ఇంకోటి జరగతా ఉంది. కాటమయ్యకి రొమ్ము సలపరం మొదలైంది. ముందు ఏదో పురుగు పాకిందనుకున్నాడు. చనుమొనల కింద చింతగింజంత గట్టిగా తగిలింది. తర్వాత రేగ్గాయంత అయింది. ఆ తర్వాత, ఇంక ఎందుకులే, మీకు తెలుసుగా పెద్దమనిషయ్యే పిల్లకి ఎట్టా ఉంటదో, అట్టా. వాడు ఏం చేశాడంటే, ఎవరికీ కనపడకుండా గొంగళి ఇంకా బిగించి కప్పుకున్నాడు. మండుటెండలో కప్పుకున్నాడు, అన్నం తినేటప్పుడు కప్పుకున్నాడు, నిద్దట్లో కప్పుకున్నాడు. దాచిన కొద్దీ పెరిగింది అనుకో. ఒక మజ్జాన్నం గట్టు కింద బండ నీడన కునుకు తీస్తంటే రొమ్ము మీద ఏదో మెత్తగా, తడిగా. కళ్ళు తెరిస్తే తల్లి చచ్చిన గొర్రెపిల్ల, గొంగళి తొలగించి మూతి పెట్టి పొడస్తా ఉంది, తల్లి పొదుగుని పొడిచినట్టు. మందకి మంద, ఒక్కటి కూడా మేయకుండా చుట్టూ నిలబడి వాణ్ణే చూస్తా ఉందంట. గాలి లేదు, పిట్ట కూత లేదు. ఎర్రచీమలు బారుకట్టి బండ మీంచి వాడి ఒంటి మీదికి ఎక్కతన్నాయి. ఏం కోసం వస్తన్నాయో అని వేలు పెట్టి చూసుకున్నాడు. వేలి కొసకి తెల్లగా అంటింది. గభాల్న గొంగళి కప్పేసుకున్నాడంట. ఇది చాలదన్నట్టు, రోజూ వాడి గొంగళి మీదే తల పెట్టి పడుకునే విత్తులు కొట్టిన పొట్టేలుకి కూడా చన్నులు ఉబ్బి, నడిచిన దారెమ్మట బొట్లు పడ్డాయి.

పొట్టేలు సంగతి ఊరంతా పాకింది. "ఆ ఇంట్లో ఏదో పాలు పీల్చేది చేరింది. తల్లి పాలు తీసుకుంది, పొట్టేలుకి ఇచ్చింది. రేపు మన పాలు కూడా లాక్కుపోద్ది" అన్నారు. పాలిచ్చే తల్లులు అంకాలమ్మ వస్తంటే తలుపులేసుకున్నారు. బిడ్డ ఏడుపు సన్నగిల్లింది, పిల్లి కూన కూసినట్టు. తర్వాత అది కూడా లేదు. నోరు తెరుస్తది, చప్పుడు రాదు.

ఆ రోజు అంకాలమ్మ గుడిసెలో బిడ్డనేసుకుని కూర్చుంది. కాటమయ్య గొంగళి చుట్టుకుని మూలన. బిడ్డ తల్లి వైపు చూడదు, తల తిప్పి తిప్పి ఆ మూలకే చూస్తది. "ఏందయ్యా నీ దగ్గర? ఏం దాస్తన్నావు?" అందంట. "ఏం లేదే" అన్నాడు. ఆమె లేచి గొంగళి పట్టుకుని ఒక్క లాగు లాగింది. చూసింది. బిడ్డ ఏడ్చినప్పుడల్లా వాడికి చేపు వచ్చి పాలు దిగేవేమో, రొమ్ము మీంచి పొట్ట దాకా తడి చారలు. ఇంకో ఆడదైతే దెయ్యమని పారిపోయేది. ఈమె గొంగళి ముక్కుకి పెట్టుకుని వాసన చూసింది. వేరు వాసన. "మాలకొండమ్మ కుండ పగిలిందన్నావే, ఎవరు పగలగొట్టారు?" అంది. వాడు నేల చూశాడు. "నా పాలు నువ్వు కప్పుకు తిరగతన్నావు కదయ్యా!" అని, బిడ్డని ఒక చంకన, మొగుణ్ణి ఒక చేత్తో ఈడ్చుకుని మాలకొండమ్మ ఇంటికి పోయింది.

కాటమయ్య కాళ్ళ మీద పడి, "శాపం తీసెయ్యి పెద్దమ్మా" అన్నాడు. "శాపమా, నా మొహమా! ఆ వేరుకి ఆడా మగా తెలవదురా. ఒంట్లో ఇంకిందా, ఆడతనం లేపుద్ది. నువ్వు పొద్దస్తమానం ఒంటికి రాసుకున్నట్టేగా. అందుకే మా అత్త అరచేతికి ఆముదపాకు చుట్టుకుని రుద్దేది. నేను కుర్రతనంలో వినక ఉత్త చేత్తో రుద్దాను. బిడ్డ మొహం ఎరగని దాన్ని, ఊళ్ళో ఎవరి బిడ్డ ఏడ్చినా నా రవిక తడిసేది. నేనెవరితో చెప్పుకున్నాను?" అందంట. అంకాలమ్మ, "నూనె చెయ్యమ్మా" అంది. "వానలు పడందే తీగ లెయ్యదు. ఉన్న నూనంతా అందులోనే ఉంది" అని గొంగళి వైపు వేలు చూపించింది. "కాగులో వేసి ఉడకబెడితే పైకి తేల్తది."

వాడు గొంగళిని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. "ఉతికితే మంద పోద్ది పెద్దమ్మా." "పోతే పోద్ది" అంది అంకాలమ్మ. వాడు మందని తలుచుకున్నాడు, తాతని తలుచుకున్నాడు, బిడ్డ వైపు చూశాడు. బిడ్డ కళ్ళు అప్పటికే లోపలికి పోతా ఉన్నాయి. వాడే లేచాడు. వాడే నీళ్ళు మోశాడు, వాడే మంట పెట్టాడు, గొంగళిని వాడి చేత్తోనే కాగులో ముంచాడు. తెట్టు కట్టి నూనె తేలింది. మాలకొండమ్మ దాన్ని గరిటెతో తీసి, చేతికి ఆముదపాకు చుట్టుకుని అంకాలమ్మకి రుద్దింది. పాలు పడ్డాయి. గుమ్మం దాకా చిమ్మాయంట. మందలో కొన్ని చచ్చాయి, ఎండాకాలం ఏటా చచ్చేవే. కాటమయ్య రొమ్ములు వానలు పడేసరికి అణిగిపోయాయి. శకునాల పిచ్చి మాత్రం పోలేదు, అది ఏ నూనెకీ పోయేది కాదు.

ఒక్కటి మాత్రం నన్నడక్కండి. రుద్దిన పూటే పాలు పడవు, కొన్ని దినాలు పట్టుద్ది. ఆ దినాలు గుడిసె తలుపు మూసే ఉందంట, లోపల మొగుడూ పెళ్ళాం బిడ్డా. తలుపు తీసేసరికి ఆ చచ్చేబిడ్డకి బుగ్గలొచ్చాయి. ఏం పట్టావే అంటే, "మేకపాలు" అని చెప్పేది అంకాలమ్మ, చచ్చేదాకా అదే మాట. పక్కన కాటమయ్య నేల చూసేవాడు. మంచిదే, మేకపాలే. కాకపోతే వాళ్ళకి ఉన్నవన్నీ గొర్రెలు.