అనుభవం సున్నా

ఒహాయోలో ఒక రైలు పట్టణం. మూతపడ్డ చెప్పుల దుకాణం పైన ఉన్న ఆఫీసు గదిలో, అరవై ఎనిమిదేళ్ల ఒరీలియా పెట్టవే చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీతో కూర్చుని ఉంది. బల్లకు అవతల ఇరవై అయిదేళ్ల క్విన్సీ టాలివర్ ఆమె దరఖాస్తును కంప్యూటర్‌లో రెండోసారి చదువుతున్నాడు.

"కాదమ్మా, నేను అడిగేది అది కాదు. ఈ గడిలో మీ వయసు..."

"అరవై ఎనిమిది. సరిగ్గానే రాశాను."

"సరిగ్గానే రాశారు. కానీ ఈ ఫెలోషిప్ ఉద్యోగాల్లో తొలి అడుగు వేసేవాళ్లకండీ. పైన పెద్ద అక్షరాలతో రాసి ఉంది."

"చదివాను. అందుకే వచ్చాను."

"అంటే... మీరు కొత్తగా వచ్చినవాళ్లా?"

"ఇంకా రాలేదు నాయనా. వస్తే కదా కొత్తో పాతో తెలిసేది."

"మీ మనవరాలి తరఫున గానీ వచ్చారా? కొందరు పెద్దవాళ్లు అలా..."

"నా మనవరాలు పళ్ల డాక్టరు. దానికి మీ జీతం ఆనదు."

"క్షమించండి, పెట్టవే గారూ. ఇక్కడ మీరే రాశారు చూడండి. డన్నింగ్ వీధి వంతెన కమిటీ, అధ్యక్షురాలు, నలభై ఒక్క ఏళ్లు. మా నిబంధన ప్రకారం అనుభవం మూడేళ్లు దాటకూడదు."

"ఆ నిబంధన పూర్తిగా చదువు."

"జాతుల మధ్య సమానత్వం కోసం ప్రభుత్వ విధానాల మీద పనిచేసిన, మూడేళ్లకు మించని, జీతంతో కూడిన అనుభవం."

"చివరి ముక్క ఇంకోసారి."

"జీతంతో కూడిన."

"నలభై ఒక్క ఏళ్లలో నాకు ఎవరైనా జీతం ఇచ్చినట్టు అందులో ఎక్కడైనా ఉందా?"

"లేదండి."

"మరి నా అనుభవం ఎంత?"

"సున్నా అండి."

"అదే రాశాను. ఆ గడిలో సున్నా పెట్టేముందు నిబంధన రెండుసార్లు చదువుకున్నాను, తర్వాతే పెట్టాను."

"నిజం చెప్పాలంటే మా కంప్యూటర్ కూడా అదే అంటోందండీ. రెండు వందల పన్నెండు మంది దరఖాస్తు చేస్తే, అందరికంటే కొత్తవాళ్లు మీరేనట. మిగతావాళ్లంతా ఒక వేసవి సెలవుల్లోనైనా ఎక్కడో జీతానికి చేశారు. నాకే రెండేళ్ల అనుభవం ఉంది."

"పెద్దవాడివి. నీ ముందు కూర్చోవాలంటే నాకూ కొంచెం బెరుగ్గానే ఉంది."

"అయ్యో, అలా అనకండమ్మా. సరే, ప్రశ్నలు మొదలుపెడతాను. ఇవి అందర్నీ ఒకేలా అడగాలి, మాట మార్చకూడదు. ఏమీ అనుకోకండి."

"అడుగు."

"పదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"మౌంట్ నీబో శ్మశానంలో. మా ఆయన పక్కన. స్థలం తీసి ఉంచాను."

"అమ్మా... ఏం రాయమంటారు?"

"స్థిరపడి ఉంటాను అని రాయి."

"రాశాను. తర్వాతది. జాతి వివక్షను విధానాల స్థాయిలో మీరు మొదటిసారి ఎక్కడ గమనించారు?"

"రైలు గేటు దగ్గర. నువ్వు ఏ వైపు వాడివి?"

"కొండ వైపు అండి. మా నాన్నగారికి ఇక్కడికి బదిలీ అయితే వచ్చాం. ఆ వీధిలో నల్లవాళ్లం మేమొక్కళ్లమే."

"కొండ వైపు రెండు వంతెనలు ఉన్నాయి. ఎప్పుడైనా రైలు కోసం ఆగావా?"

"లేదండి. అసలు కింద నుంచి రైలు పోతుందనే..."

"మనవాళ్లుండే డన్నింగ్ వీధి వైపు ఒక్కటీ లేదు. గూడ్సుబండి వచ్చి గేటుకి అడ్డంగా ఆగిందంటే గంట, రెండు గంటలు. ఒకసారి ఆదివారం ప్రార్థనకి ఆగింది, సోమవారం బడి గంటకి కదిలింది. పిల్లలు పెట్టెల కింద నుంచి దూరి బడికి పోతారు."

"మరి అంబులెన్సులు?"

"అవి అవతల ఆగుతాయి, మేం ఇవతల ఆగుతాం. మధ్యలో బొగ్గు బండి. ముగ్గురు పిల్లలు ఆ గేటు దగ్గరే కార్లలో పుట్టారు. ఇద్దర్ని నేను పట్టుకున్నాను, ఒకణ్ణి పోస్టుమాన్ పట్టుకున్నాడు."

"ఇది... ఇది ఏ గడిలో రాయాలో తెలియడం లేదండి. 'ఇతరులతో కలిసి పనిచేయడం' అని ఒకటుంది."

"పోస్టుమాన్‌తో కలిసి అయితే అవును, రాసుకో. నేను చేతులు ఎలా పట్టాలో చెప్పాను, అతను పట్టాడు."

"మీరు కమిటీ ఎప్పుడు పెట్టారు?"

"ఎనభై నాలుగులో. మా ఆయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్సు అయిదు నిమిషాల్లో వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. గేటు అవతలికి వచ్చింది. పెట్టెలకీ పెట్టెలకీ మధ్య సందులోంచి దాని ఎర్ర దీపం కనపడుతూనే ఉంది. నలభై నిమిషాలు కనపడింది."

"అమ్మా."

"అది రాయకు. దానికి గడి లేదు."

"కొంచెం మంచినీళ్లు తెమ్మంటారా?"

"నీకు కావాలంటే తెచ్చుకో నాయనా. నాకొద్దు. తర్వాతి ప్రశ్న అడుగు."

"ఈ ఫెలోషిప్ మీకు ఎందుకు కావాలి?"

"మెడలో వేసుకునే కార్డు ఇస్తారటగా."

"ఇస్తాం."

"ఆ కార్డు ఉంటే నగర సభలో బల్ల దగ్గర కూర్చోవచ్చటగా, సభ్యులతో పాటు."

"సిబ్బంది వరసలో, అవునండి. కానీ అందరూ శిక్షణ కోసమో, పరిచయాల కోసమో అని చెప్తారు. మీరు కుర్చీ కోసమా?"

"బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి గంట కొట్టరు."

"ఏ గంటండీ?"

"నువ్వు ఎప్పుడూ సభకి పోలేదా?"

"నా పరిశోధన అంతా ప్రజల భాగస్వామ్యం మీదేనండి. అంటే... పుస్తకాల్లోంచి చేశాను."

"ఎన్ని పేజీలు?"

"మూడు వందల నలభై."

"అయితే నీకెవరూ గంట కొట్టలేదు. విను. మామూలు జనం మైకు ముందు నిలబడితే మనిషికి రెండు నిమిషాలు. తర్వాత గంట. గంట మోగగానే మైకు కట్టేస్తారు. నెలకొక సభ చొప్పున నలభై ఒక్క ఏళ్లుగా పోతున్నాను. మోకాలి ఆపరేషన్ అప్పుడు నాలుగు నెలలు మానేశాను, అంతే."

"రెండు నిమిషాల్లో చెప్పలేకపోయారా?"

"మా ఆయనతో మొదలుపెడితే వంతెన దాకా రాను. వంతెనతో మొదలుపెడితే మా ఆయన దాకా రాను. ఇద్దరినీ ఒక్క రోజులో చెప్పడం నాకింకా చేతకాలేదు."

"రాతపూర్వకంగా ఇచ్చి ఉంటే..."

"ఇచ్చాను. ఒక పెట్టెలో పెట్టారు. ఇప్పుడు దానికొక గది కేటాయించారు, తలుపు మీద నా పేరుంది. ఇరవై అయిదేళ్లు నిండినప్పుడు నా సహనానికి మెచ్చి ఒక జ్ఞాపిక కూడా ఇచ్చారు. అది ఇవ్వడానికి సభ అధ్యక్షుడు పావుగంట మాట్లాడాడు."

"మీరు ఏమన్నారు?"

"కృతజ్ఞతలు చెప్పబోయాను. గంట కొట్టారు."

"ఇది... చివరి ప్రశ్నండి. మేం వేసే పుస్తకంలో ఎంపికైనవాళ్ల ఫోటో కింద 'ఒక కొత్త గొంతు' అని రాస్తాం. మీకు అభ్యంతరం ఉండచ్చు."

"ఎందుకు? కొత్తదే. ఎప్పుడూ రెండు నిమిషాలకి మించి వాడలేదు."

"అయిపోయాయండి. పై కమిటీ చూసి ఆరు వారాల్లో... ఉండండి. ఇదేమిటి, అప్పుడే ఫలితం చూపిస్తోంది. అమ్మా, మీరు ఎంపికయ్యారు."

"నువ్వు కదూ ఎంపిక చేసేది?"

"నేను అడగడం వరకే. మార్కులు అదే వేసుకుంటుంది. శ్మశానం ప్రశ్నకి పూర్తి మార్కులు. దూరదృష్టి ఉందట."

"ఉంది మరి."

"మీకొక మార్గదర్శిని కూడా ఇచ్చింది. అయ్యో. నన్నే."

"మంచిది. ఏం నేర్పుతావు?"

"నలుగురిలో భయం లేకుండా మాట్లాడటం. వారానికి ఒక గంటసేపు."

"గంటసేపు ఎవరు మాట్లాడాలి?"

"మీరేనండి. నేను వింటాను."

"గంటసేపు? మధ్యలో ఆపకుండా?"

"ఆపకుండా."

"నీ పేరు మళ్లీ ఒకసారి చెప్పు నాయనా."

"క్విన్సీ అండి."

"మంచి పేరు. ఇంతకీ పని ఎక్కడ?"

"చూస్తున్నాను... నగర సభలోనే. జనం వచ్చి మాట్లాడే సమావేశాల విభాగం. బల్ల దగ్గరే, అధ్యక్షుడి పక్క కుర్చీ."

"ప్రభువు దయ."

"కానీ అమ్మా..."

"ఏమిటి, ముఖం అలా పెట్టావు?"

"ఫెలోలు సభలో నోరు విప్పకూడదట. ఎటూ మొగ్గకుండా ఉండాలట. కింద చిన్న అక్షరాల్లో ఉంది, నేనూ ఇప్పుడే చూస్తున్నాను."

"మాట్లాడకూడదా? మరి కుర్చీ దేనికి? ఏం పనట నాకు?"

"చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది."

"చెప్పు."

"గంట కొట్టడం."

"ఇంకోసారి."

"మనిషి మైకు ముందుకి రాగానే మీరు గడియారం నడిపించాలి. రెండు నిమిషాలు కాగానే గంట నొక్కాలి. ఇన్నాళ్లూ చేసినాయన పదవీ విరమణ చేస్తున్నాడట. ఇది అవమానమండీ. నేను ఇప్పుడే పైవాళ్లకి రాస్తాను. మిమ్మల్ని గ్రంథాలయానికో, ఆరోగ్య శాఖకో మార్పిస్తాను."

"ఆగు. రాయకు."

"మీకు కోపం రావడం న్యాయమే. నాకే వస్తోంది."

"కోపం కాదు, ఆలోచిస్తున్నాను. ఆ గడియారం ఇంకెవరికైనా కనపడుతుందా?"

"లేదండి. గంట కొట్టేవాళ్ల వైపే తిరిగి ఉంటుందట."

"గంట మోగకపోతే మైకు కట్టేస్తారా?"

"ఉండండి, చూస్తాను. లేదు. గంట మోగేదాకా అధ్యక్షుడు కూడా మధ్యలో ఆపడానికి వీల్లేదట. వాళ్లు రాసుకున్న నిబంధనే. ఎందుకండీ?"

"మా కమిటీలో ముప్ఫై ఏడుగురం ఉన్నాం. అందరికీ నోరుంది. నేను రాసిపెట్టిన నాలుగు పేజీలు వాళ్లలో ఎవరైనా చదవగలరు. మా ఆయన దగ్గర్నుంచి వంతెన దాకా."

"అమ్మా, మీరు..."

"నేను ఎటూ మొగ్గను. నోరు విప్పను. పోస్టుమాన్‌తో మొదలుపెడదాం, అతను నెమ్మదిగా మాట్లాడతాడు. సంతకం ఎక్కడ పెట్టాలి?"

"ఇక్కడండి. ఈ గీత మీద. పెట్టవే గారూ, మీ మార్గదర్శిగా ఒక్క మాట అడగాలి. రెండు నిమిషాలు అయ్యాయని మీకు సరిగ్గా తెలుస్తుంది కదా?"

"ఏ గీత నాయనా? దగ్గరికి తెచ్చి చూపించు. పొద్దుటి నుంచీ నాకు అంకెలూ గీతలూ బొత్తిగా కంటికి ఆనడం లేదు."