బాత్‌రూమ్‌లో కొర్ర

గుత్తిలో ఒక కొత్త ఇల్లు. బాత్‌రూమ్ తలుపు దగ్గర ఇంటామె, పది రోజుల కిందట ఆ గోడలకు ఎర్రమట్టి రంగు పూసిన మేస్త్రీ నిలబడి ఉన్నారు.

"చూడప్పా నువ్వేసిన రంగు! గోడకు గడ్డి మొలిచిండాది!"

"అయ్యో దేవుడా! ఇట్లెట్లయిందక్కా?"

"నన్నడుగుతాండావా? మట్టీ, పేడా, గంజీ అంతే, ఏ మందూ లేదు, ఒంటికి మంచిదంటివి కదా!"

"మన పక్క ఏ గోడైనా ఒక్క పూటకే ఎండిపోతాది. ఈడ ఇంత తేమ యాడిదక్కా?"

"కొళాయి వారానికొకసారి వస్తాది. నాలుగు డ్రమ్ములూ నింపి ఈ రూములోనే పెడతాం. దోమలని కిటికీ తెరవం."

"ఉండక్కా. ఒకటి పీకి చూస్తా... ఇది గడ్డి కాదు. కొర్ర! వేరుకు గింజ పొట్టు ఇంకా ఉండాది."

"కొర్రలు నా గోడలోకి ఎట్లొచ్చినాయి?"

"మట్టి మా చేన్లోదే తెచ్చినా. సన్నగింజ కదా, జల్లెడలో దిగిపోయిండాది."

"విత్తనమేసిన చేను తవ్వినావా!"

"మూడుసార్లు చల్లితిమి. వాన లేదు, ఒక్క మొలకా రాలేదు. గింజ చచ్చిపోయిందనుకుంటి."

"సరే, ఇదంతా గీకేసి మామూలు రంగు వెయ్యి."

"గీకుతాలే అక్కా. రేపటిదాకా ఆగు, మా ఆడమనిషిని పిలుచుకొచ్చి చూపిస్తా. ఈ యేడు మాకు మొలిచిన చేను ఇదొక్కటే."