ఉత్తరపు లైట్‌హౌస్‌కి రెండు గంటలు

వద్దండీ, ఆ కాగితం నాకివ్వకండి అక్కగారూ. ముందు కూర్చోండి. ఆ బల్ల తడిగా ఉంది, ఇటు రండి. మూడింటికి తలుపు మూసేశాం, ఐదు దాకా ఎవరూ రారు. మా ఆయన క్యాబేజీల కోసం బజారుకెళ్ళాడు.

మీ తమ్ముడు పోతూ పోతూ ఇవ్వమన్నాడని బుసాన్ నుంచి ఇంత దూరం వచ్చారు, కాదనకూడదు. కానీ ఆయన పాస్‌వర్డ్ కొట్టి, ఆయన బొమ్మనేసుకుని ఆ కంప్యూటర్ ఆటలో నేనెలా తిరగను? చేతులు రావద్దూ?

ఈ సూప్ షాపు ఎలా దొరికింది మీకు? ఓ... ఆ పార్సెలా. రెండేళ్ళ కిందట ఎముకల సూప్ పంపాను. ఆ అట్టపెట్టె మీద అడ్రసు చింపి దాచుకున్నాడా?

మీ తమ్ముణ్ణి గ్వాంగ్రిమ్ అంటున్నారు మీరు. నాకా పేరు ఇప్పుడే తెలిసింది. పంతొమ్మిదేళ్ళుగా ఆటలో నాకాయన మంచుకొంగ, పార్సెల్ మీదా అదే రాశాను. నేను ఉల్లికాడని. పేరు పెట్టుకోమని ఆట అడిగిన రోజు నా చేతులు ఉల్లికాడల కంపు కొడుతున్నాయి, ఇంకేం తోచలేదు.

అదేం ఆటో మీరెప్పుడైనా చూశారా? ఇప్పటి పిల్లలైతే నవ్వుతారు. ఒక నక్కని కొడితే రెండు నిమిషాలు చతికిలబడాలి, ఒంట్లోకి సత్తువ తిరిగొచ్చేదాకా. రేవులో పడవ పావుగంటకొకటి. తప్పిపోయిందా, ఇంకో పావుగంట. అలా ఊరికే కూర్చున్నప్పుడే కదండీ మాటలు. మా అమ్మ పోయిందని నేను మొట్టమొదట ఎవరికి చెప్పాననుకున్నారు? మా ఆయనకి కాదు. ఆ రేవులో, మంచుకొంగకి.

నాకు దొరికేది రోజుకి నలభై నిమిషాలు. గిన్నెలు తోమి, ముల్లంగి ముక్కలకి ఉప్పు పట్టించి, ఎదురు మేడ మీద గంటకింతని కంప్యూటర్లు అద్దెకిచ్చే పీసీ బాంగ్‌కి పరుగు. అందులో పావుగంట పడవే తినేస్తుంది. ఆయనకేమో గంట. అంతకంటే కుర్చీలో కూర్చోలేడని ఇందాక మీరన్నారు చూడండి, ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదే. 'కాళ్ళు కొంచెం మొండికేశాయి చెల్లాయ్' అన్నాడంతే.

ఆయనకొక్కటే కోరిక. ఉత్తరాన మంచుకనుమ దాటితే ఒక లైట్‌హౌస్ ఉంది. మొదటి ఏడాది పన్నెండుమందిమి బయల్దేరి సగం దారిలో చెదిరిపోయాం. ఒకడికి ఆకలి, ఒకడికి ఆఫీసు. చివరికి మిగిలింది మేమిద్దరమే. ఒక్కరే పోతే చచ్చిపోతారు అక్కడ. ఒకరు కొట్టాలి, ఒకరు గాయాలు మాన్పాలి. రెండు గంటల నడక. మధ్యలో ఆట మూసేస్తే మళ్ళీ మొదటి ఊళ్ళో తేలతాం. నలభై నిమిషాలతో ఏం చేస్తానండీ నేను?

'రెండు గంటలు దొరకవా చెల్లాయ్' అనేవాడు. 'నీకెప్పుడు వీలైతే అప్పుడే' అనేవాడు. తొందరపెట్టి ఉంటే బాగుండేది. ఒక్కసారి తిట్టి ఉంటే వెళ్ళేదాన్నేమో.

మా షాపుకి నెలకొక్కటే సెలవు, రెండో మంగళవారం. ఈ ఏడాది జనవరిలో పిల్ల కాలు బెణికింది. ఫిబ్రవరిలో అత్తయ్యకి కంటి ఆపరేషన్. మార్చిలో సూప్ కాచే పెద్ద గుండిగ చిల్లుపడింది. ఇవేవీ అబద్ధాలు కావు, నమ్మండి.

ఏప్రిల్‌లో... ఏమన్నాడు మీతో? ఆ రోజు కూడా ఉల్లికాడకి పనుండి ఉంటుందన్నాడా?

లేదండీ. పనేం లేదు.

పిల్ల స్కూలుకెళ్ళింది. అత్తయ్య ఆడపడుచు ఇంట్లో ఉంది. మా ఆయన చేపలు పట్టడానికి పోయాడు. మధ్యాహ్నమంతా నాదే. పీసీ బాంగ్‌కి వెళ్ళాను, ఆట తెరిచాను కూడా. రేవులో ఉన్నాడు. 'వచ్చావా' అన్నాడు. ఇక రెండు గంటలు ఆ మంచులో అడుగులో అడుగు వేసుకుంటూ... నెలంతా నిలబడే ఉన్న కాళ్ళండీ ఇవి. కుర్చీలో కూర్చుని ఆడేదే, తెలుసు. అయినా ఆ దారి తలచుకుంటేనే అలసటొచ్చింది. జవాబివ్వలేదు. చూస్తూ కూర్చున్నాను. 'కరెంటు పోయిందా? పర్లేదు, ఇక్కడే ఉంటాను' అన్నాడు. అది కూడా చదివాను. చదివి మూసేశాను.

మర్నాడు అత్తయ్యకి ఒంట్లో బాలేదని రాశాను. 'పోనీలే, మే నెలలో వెళ్దాం' అన్నాడు. శుక్రవారం నుంచి ఆటలో ఆయన పేరు పక్కన దీపం వెలగలేదు.

ఏమిటీ? ఆ మంగళవారం... ఇంకో గంట కూర్చోబెట్టమని మిమ్మల్ని బతిమాలాడా? నడుముకి దిండ్లు పెట్టించుకునా? ఐదు దాకా?

అప్పుడు నేనెక్కడున్నానో చెప్పనా అక్కగారూ? డబ్బిచ్చి వెళ్ళే వేడినీళ్ళ స్నానశాలలో. వేడినేల మీద, తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నాను. ఎన్నేళ్ళయిందో అంత హాయిగా నిద్రపోయి.