టేబుల్ మీద రెండు టోపీలు

అమెరికన్ ఫుట్‌బాల్ కుర్రాడు ఏ కాలేజీకి ఆడబోతాడో వాడికన్నా ముందే నేను చెప్పగలను. అలబామాలోని మా ఊరి బార్బర్ షాపులో, టీవీ ముందు కూర్చుని ఆ రోజూ అదే చెప్పాను. టీవీలో బార్బర్ మేనల్లుడు డెవాంటే, వాడి ముందు రెండు కాలేజీల టోపీలు: మాది ఆకుపచ్చ, అవతలివాళ్ళది నీలం. ఏది పెట్టుకుంటే ఆ జట్టువాడే.

“మనవైపేరా! వాళ్ళమ్మ గౌను చూడు, మన ఆకుపచ్చే.”

“మా చెల్లెలు చర్చికీ అదే వేసుకెళ్తుంది బాబాయ్. కిందటేడూ నువ్విలాగే చెప్పి ముంచావు.”

“పొద్దున వాడికి కటింగ్ చేసింది నువ్వేగా? అడగలేకపోయావా?”

“అడిగితే కత్తెర వణుకుతుందని ఊరుకున్నా.”

“అదిగో, మన టోపీ మీద చెయ్యేశాడు!”

“పక్కకి నెట్టడానికి, బాబాయ్.”

“అయ్యో, నీలంది పెట్టుకున్నాడే!”

“వాడికి బంతి పట్టడం ఈ షాపు వెనకే నేర్పాను. రేపు వాడు మన మీదికి పరుగెత్తుకొస్తుంటే ఏమని అరవాలి?”

“పట్టుకోండి, పడెయ్యండి అనాలి.”

“నువ్వు అనగలవా?”

 అతను విసురుగా టీవీ కట్టేశాడు.

కట్టేశాడన్నది మాత్రం నా కల్పన. వాడు నవ్వుతూ ఆ నీలం టోపీ సర్దుకుంటుంటే, ఇద్దరం కళ్ళు తిప్పుకోలేక చూస్తూనే ఉన్నాం.