గాలయ్య కంకర దావా

ఆత్మకూరు సడక్కుకు కంకర కొట్టించి ఎవరి కుప్పలు వాళ్లు పోసి రెండేండ్లయినా సర్కారు బిల్లు ఇవ్వకపోయేసరికి, అరవై ఒకటో సంవత్సరం ఎండకాలంలో గాలయ్య, అతని బామ్మర్ది భిక్షపతి కలిసి దావా వేశారు; ఇవాళ పాలమూరు కోర్టు వరండాలో పిలుపు కోసం కాచుకుని కూర్చున్నారు.

"చాయ్ తాగినవా, లేదా? గది జెప్పు ముందుగాల."

"ఏం చాయ్, బావా?"

"మన కంకర కొలిసిన ఓవర్సీరు ఇంట్ల చాయ్."

"ఎవలు జెప్పిండ్రు నీకు?"

"తాగినవా?"

"తాగిన. సగం కప్పు. సగం కప్పు చాయ్‌కి అమ్ముడువోతనా నేను?"

"మరి దేనికి అమ్ముడువోయినవో గదే అడుగుతున్న."

"అక్క మీద ఒట్టు బావా..."

"మీ అక్కను నడుమ తేకు. ఏమన్నడు ఓవర్సీరు?"

"దావా వాపసు తీస్కుంటె దసరా వరకు బిల్లు పాసు జేయిస్త అన్నడు."

"పోయిన దసరాకు గూడ గిదే మాట. నా ఎడ్లు సావుకారు కొట్టంల ఉన్నయిర. వానలు వడేలోపు పైకం రాకపోతె అమ్ముకుంటడు. కాడి కింద నేను మెడ వెట్టాల్నా? నువ్వు వెడ్తవా?"

"గట్ల గాదు..."

"మరెట్ల?"

"దావా నడవనీ. కుప్పలు కొలిసెటందుకు కోర్టు పంపే అమీను మాత్రం వద్దను. మన వకీలు వహీద్ సాబ్ అడిగితె, కొలిసే పని లేదు, కాయిదాలు సూస్తె సాలను."

"ఎందుకు వద్దు? కంకర తమకు ముట్టనే లేదంటుండు సర్కారు వకీలు. కుప్పలేమో సడక్కు పొంటి వడే ఉన్నయి. కొలిసినంక ఓవర్సీరు సల్లిచ్చిన సున్నం గూడ ఇంక అక్కడక్కడ కనవడ్తాంది. కోర్టు మనిషి కండ్లతోని సూస్తె ఐపాయె."

"సూసుడు వేరే, తొవ్వుడు వేరే."

"తొవ్వుడా? తొవ్వుడు మాట నేనెక్కడన్న?... నా మొకం సూడు. తొవ్వితె ఏముంటది?"

"జర మెల్లగ. కోర్టు జవాను ఇంటుండు."

"ఇననీ. ఏముంటది?"

"నా కుప్పల్ల... మట్టి."

"ఎంత?"

"మోకాలెత్తు దిబ్బ. దాని మీద కంకర కప్పిన. ఓవర్సీరే నేర్పిండు, మిగిలినదాంట్ల వానికి సగం. ఇప్పుడు పెద్ద ఇంజనీరు వచ్చి తొవ్విస్తడేమోనని వానికి భయం. బిల్లు కదలనిస్తలేడు."

"అంటె రెండేండ్ల సంది నా కడుపు గొట్టింది సర్కారు గాదు. నువ్వు."

"తప్పైంది బావా, కాల్మొక్త. అమీను వస్తె జైలుకు వోతం."

"పోతం గాదు. పోతవ్. నేను ఒక్క తట్ట మన్ను ముట్టలే."

"బావా..."

"నీ మీద నాకు ఎన్నడో అనుమానం వుట్టింది. అందుకే నీకు జెప్పకుంట మొన్ననే దరఖాస్తు ఏయించిన. హుకుం గూడ అయింది. పొద్దుగాల మొదటి బస్సుకే అమీను వోయిండు."

"పోయిండా! మరి గిందాక నన్ను..."

"మాట్లాడనిచ్చిన. నీ నోటితోనే రావాలని."

"కుప్పలు ఎవలు సూపెడ్తరు ఆయనకు?"

"మీ అక్క ఈదమ్మ. గడ్డపార చేతికిచ్చి వచ్చిన. మీ తమ్ముని కుప్ప తొవ్వు, మన కుప్ప తొవ్వు, ఎవడు దొంగనో అమీను ముంగట్నే తేలనీ అన్న."

"అక్క ఏమన్నది?"

"ఏమంటది? తమ్ముడివైతివి. వద్దు వద్దని నా కాళ్లు వట్టుకొని ఏడ్సింది. నేనింటనా?"

"అక్క ఏడ్సింది నా కోసం గాదు బావా. ఆ యేడు జ్వరమొచ్చి నువ్వు మంచంల వడ్డప్పుడు, గడువు దాటిపోతదని నీ కుప్పల కింద మట్టి వోసింది అక్కనే."