ఒక్క ఓటుతో హన్మకొండకు

మొగుళ్లపల్లి మండలంలో ఒక చిన్న ఊరు. పంచాయతీ ఎన్నికలు అయిన నాలుగో రోజు పొద్దున, ఇంటి వాకిట్లో ముగ్గురు: వార్డు మెంబరుగా నిలబడి ఓడిపోయిన సోమనర్సయ్య, అతని తల్లి చిలుకమ్మ, పదో తరగతి చదివే కూతురు మనీషా.

“ఇగ చాలవ్వా. ఈ ఊరి నీళ్లు నేను తాగ. హన్మకొండ పోతున్నం. అందరం పోతున్నం. మాట అయిపోయింది.”

“నీళ్లు తాగకుంటే చాయ తాగు కొడుకా. సల్లారిపోతాంది. గిలాసల తాగుతవా, జగ్గుల పోసియ్యాల్నా?”

“అవ్వా!”

“ఏమన్న? చాయ తాగుమన్న.”

“జగ్గు పేరెత్తినవు.”

“ఇంట్ల ఉన్న సామాను పేరు గూడ ఎత్తద్దా? పదకొండు జగ్గులున్నయి మంచం కింద. ఇందాక ఊడుస్తుంటే ఒకటి దొర్లుకుంట వచ్చి నా కాళ్లు మొక్కింది.”

“మనీషా, మీ బాపమ్మను జర ఊకోమను.”

“బాపమ్మా, ఊకో.”

“నేను ఊకుంట. ఊరు ఊకుంటదా? ఇంటింటికి స్టీలు జగ్గు పంచింది ఎవలు? మీ బాపు. పంచినంక ఓట్ల గుర్తులిచ్చిండ్రు. పోటీ నిలవడ్డ బక్కయ్యకు జగ్గు, మీ బాపుకు గౌను. ఇగ బక్కయ్య రూపాయి ఖర్సు వెట్టలే. ‘అక్కా, మీ ఇంట్ల ఉన్నదే నా గుర్తు’ అనుకుంట చేతులూపుకుంట తిరిగిండు.”

“గుర్తు ఏదొస్తదో నాకేం ఎరుక? అందరికంటె ముందుగాల పంచితే యాదికుంటమని నగేశ్ చెప్పిండు.”

“యాదికే ఉన్నవు. నువ్వు సచ్చినా మర్వరు. మూరెడు మీసాలోనివి, గౌనుకెయ్యిండ్రి, గౌనుకెయ్యిండ్రి అనుకుంట తిరగవడితివి.”

“బాపూ...”

“నువ్వేందే?”

“బడిల నన్ను గౌను మనీషా అంటుండ్రు.”

“ఎవలు? పేర్లు చెప్పు.”

“అందరు.”

“విన్నవా అవ్వా? గిందుకే పోదామంటున్న. ఈ ఊర్ల ఇజ్జత్ లేదు. హన్మకొండల నగేశ్ రెండు రూములు చూసిండు. టైల్సు దుకాణంల పనిజేస్తడు గదా, నా ట్రాలీ ఆటోకు రోజు కిరాయి దొరుకుతదంటున్నడు. ఉన్న రెండెకరాలు కౌలుకిస్త.”

“నగేశ్ అంటే, జగ్గులు పంచుమన్న నగేశేనా?”

“నాకు ఇంకెంతమంది బామ్మర్దులున్నరు?”

“మంచిది. ఆయన ఏది చెప్పినా అచ్చొస్తది నీకు. ఇల్లెట్లున్నదట?”

“మూడో అంతస్తు.”

“ఓడినోన్ని గంత మీదికి ఎక్కిస్తరా? ఊర్లె మెంబరువు గాకున్నా హన్మకొండల అందరి నెత్తి మీద ఉంటవన్నట్టు.”

“నవ్వకు. నల్లా ఉన్నది. దినం తప్పి దినం నీళ్లొస్తయి.”

“ఇక్కడ దినాం వస్తున్నయి గదరా.”

“బాత్రూం ఇంట్లనే.”

“యాడ?”

“వంటింటి పక్కపొంటి.”

“ఆహా. ఇటు వండుడు, అటు పోవుడు. నడిచే పనే లేదు.”

“ఓనరు మంచోడు. కోళ్లు వద్దన్నడు, డాబా మీద మిరపకాయలు ఎండవొయ్యద్దన్నడు, చెప్పులు కిందనే ఇడవాలన్నడు. గంతే.”

“కోళ్లు వద్దు, మిరపకాయలు వద్దు. ముసల్ది ఉండచ్చునా మరి?”

“ఉండచ్చు. అడిగిన.”

“అడిగినవా! కోళ్లతోని కలిపి అడిగినవా, నన్ను ఇడిగ అడిగినవా?”

“నీతోని మాట్లాడుడు నాదే తప్పు. శైలజ నయం. హన్మకొండ అనంగనే సరే అన్నది.”

“నీ పెండ్లాం నువ్వు బాయిల దుంకుదామన్నా కొంగు నడుముకు చెక్కుకొని వస్తది. పొద్దుగాలనే పత్తి ఏరను పోయింది గని, లేకుంటే ఈపాటికి బోళ్లు మూట కట్టేది.”

“బాపూ, హన్మకొండ పోతే... అక్కడ కాలేజీ...”

“ఏందే, గట్టిగ మాట్లాడు.”

“ఏంలేదు బాపూ.”

“అది చెప్పదు, నేను చెప్త. పదో తరగతి అయినంక బైపీసీ చదువుత అన్నది పిల్ల. నువ్వేమన్నవు? ఆడపిల్లను ఒక్కదాన్ని హాస్టల్ల వెయ్య, చదివింది చాలు అన్నవు. ఇంకేమన్నవు? అది గూడ చెప్పాల్నా?”

“ఇప్పుడెందుకు అవన్ని?”

“మెంబరునయితే ఇంటికి పదిమంది పెద్దమనుషులు వస్తరు, చాయలు వెట్టేతందుకు పిల్ల ఇంట్ల ఉండాలె అన్నవు. పిల్ల రెండు రోజులు సరిగ్గ బువ్వ తినలే. ఇప్పుడు చూస్తే వాకిట్ల నేనొక్కదాన్నే ఉన్న. నీ చాయ గూడ సల్లారిపాయె.”

“అప్పటి సంగతి అప్పటిది. ఇప్పుడు అందరం పోతున్నం. హాస్టలెందుకు? ఇంటి నుంచి పోయొస్తది.”

“అంటే చదువుతనా బాపూ? బైపీసీ?”

“పోతే చదువు. పోతేనే. ఇక్కడ ఉంటే పాత మాటే.”

“చూసినవానే? నీ చదువు మీ బాపు కోపం మీద ఆనుకొని ఉన్నది. జర కోపం తగ్గిందా, నువ్వు మళ్ల పొయ్యి కాడికే.”

“తగ్గదు! ఎట్ల తగ్గుతది? వానికి నలభై ఎనిమిది, నాకు నలభై ఏడు. ఒక్క ఓటు! నలభై ఐదు మంది పసుపు బియ్యం ముట్టుకొని నాకు మాటిచ్చిండ్రు. మన ఇంట్లయి మూడు. మొత్తం నలభై ఎనిమిది నాకు రావాలె. ఎవలో ఒకలు ముట్టి గూడ మోసం జేసిండ్రు. వాన్ని పట్టుకునేదాక నిద్ర పట్టదు నాకు.”

“పట్టుకొని ఏం జేస్తవు?”

“జగ్గు వాపసు తీసుకుంట.”

“అయ్యో, ఎంత పెద్ద శిక్ష! ఓడిన తెల్లారే పదకొండు ఇండ్లు తిరిగి తెచ్చినవు గదా. పోచమ్మ అయితే సల్లతోని సహా ఇచ్చింది. ‘సల్ల పారవోసుకో బిడ్డా, జగ్గు తీస్కపో’ అన్నది. ఆ సల్ల గూడ తెచ్చుకున్నడే మీ బాపు.”

“పారవోస్తే పాపం గదా అవ్వా. సరే గని, నీ చెయ్యి జర వణుకుతది. ముద్ర గౌను మీదనే పడ్డదా?”

“నా చెయ్యి వణికితే ఇన్నొద్దులు నీకు రొట్టెలు ఎవలు చేసిండ్రురా? యాడ గుద్దాల్నని పోయిన్నో ఆడనే గుద్దిన. కన్నతల్లికి గూడ పసుపు బియ్యం పట్టుకొస్తవా ఏంది?”

“అట్ల కాదవ్వా, ఊకనే అడిగిన.”

“బాపూ, ఫోను మోగుతాంది.”

“ఇటియ్యి. ఆఁ, లచ్చయ్య మామా... ఆఁ... ఏంది?... ఎవలు, బక్కయ్యనా?... నాకా?... ప్రమాణ స్వీకారం నాడా?... అందరి ముంగటనా?... ఆఁ... చూస్త మామా. ఆలోచన జేసి చెప్త.”

“ఏమన్నడు లచ్చయ్య?”

“బక్కయ్య నాకు శాలువ కప్పుతడట. ఇద్దరం ఒక్క ఊరోళ్లమే, సోమనర్సయ్య లేకుంటే వార్డుకు అందం లేదు అన్నడట. స్టేజీ మీద పక్కన కూసుండవెడ్తడట.”

“బాపూ, మరి హన్మకొండ?”

“ఉండవే. ఆలోచించనియ్యి. మనిషి అంత మర్యాదగ పిలిచినప్పుడు... కొద్ది రోజులు చూద్దాం. హన్మకొండ యాడికి పోతది?”

“మంచి మాట చెప్పినవు కొడుకా! ఉండు. చలికాలం, శాలువ పనికొస్తది.”

“నువ్వు గూడ ఉండుమనే అంటున్నవా?”

“ఉండుమనే అంటున్న. తెల్ల అంగి ఎట్లాగు కుట్టించుకున్నవు, ఒక్కపారి గూడ తొడగలే. తొడుక్కొని స్టేజీ ఎక్కు. బక్కయ్య శాలువ కప్పంగనే పోరగాండ్లు ఫోటో తీస్తరు. వాట్సాపుల వెడ్తరు. కింద ఏం రాస్తరో ఎరికేనా?”

“ఏం రాస్తరు?”

“గౌను మీద శాలువ కప్పిన జగ్గు.”

“అవ్వా...”

“స్టేజీ మీద దూపైతాంది అంటే నీళ్లు గూడ ఇస్తడు. దేంట్ల ఇస్తడో నేను చెప్ప.”

“చాలు!”

“అది నువ్వు పంచిందే ఉంటది. కింద నీ పేరు గూడ చెక్కిచ్చినవు గదా, చూసుకుంట తాగు. ఐదేండ్లు దినాం బక్కయ్య ఈ గల్లీల నుంచే పంచాయతీ ఆఫీసుకు పోతడు. నువ్వు వాకిట్ల నిలవడి నమస్తే వెట్టు. హన్మకొండల ఏమున్నది చెప్పు? అక్కడ నిన్ను గౌను అనేటోడు ఒక్కడు గూడ దొరకడు. ఏం తోస్తది నీకు?”

“ఫోను! ఫోను యాడ వెట్టిన? ఆఁ, నగేశ్! రూములు పక్కా చెయ్యి... ఆఁ, పిల్ల పరీక్షలు కాంగనే వస్తం. నేను ఎల్లుండే వస్త, ఓనరుతోని మాట్లాడుకుంట... లేదు, ఆలోచన లేదు, గీలోచన లేదు. మా అవ్వ వద్దంటదా? అంటది, అంటనే ఉంటది. నేను ఆగ! ఆఁ, ఇంకోటి. అక్కడ దగ్గర్ల ఆడపిల్లల కాలేజీ చూడు. బైపీసీ.”

“బాపూ!”

“ఏడ్వకే. ఏడ్సేతందుకేమున్నది ఇందుల? అవ్వా, నువ్వు ఎంత ఎక్కిరించినా ఇగ నేను తిరిగి చూడ.”

“నా మాట ఎన్నడు విన్నవు గని.”

“పసుపు బియ్యం ముట్టిన ఈ లచ్చయ్య మామ బక్కయ్యకు ఎప్పటి సంది రాయబారం మోస్తుండు? నాకు ఇప్పుడు సమజయింది. ఆ ఒక్క ఓటు ఈయనదే. ఈయనదే అవ్వా!”

“అయితదేమో. ఎవల కడుపుల ఏమున్నదో.”

“ఇప్పుడే పోత. ఆటో చాబి ఇయ్యి మనీషా. వాని జగ్గు తెచ్చేదాక చాయ ముట్ట.”

“మెల్లగ పో కొడుకా. సల్ల ఉంటే ఇంట్లనే పారవొయ్యుమను.”

“ఇగో చాబి బాపూ.”

“పోయిండా?”

“పోయిండు బాపమ్మా. మూల తిరిగిండు.”

“ఇగ ఆ గిలాస లోపల వెట్టు.”

“లచ్చయ్య తాత పాపం బాపమ్మా. ఆయన గౌనుకే ఏసిండు. ఓటు కాయితం మడత వెట్టకముందే నవ్వుకుంట అందరికి చూపియ్యబోతే ఆఫీసరు సారు తిట్టిండట. ఊరంత ఎరుకే.”

“ఊరంతకు ఎరుకైనయి మీ బాపుకు ఎరుకుండవే. జగ్గే గదా, ఇచ్చి పంపుతడు. లచ్చయ్యకు సల్ల తాగే అలవాటు లేదు.”

“పొద్దటి సంది హన్మకొండను అన్ని తీర్ల ఎక్కిరించినవు. నేను భయపడ్డ. బాపు వద్దంటడేమో అని.”

“మీ బాపు పుట్టినప్పటి సంది నేను సై అన్న పని ఒక్కటన్న చేసిండానే?”

“అంటే నీకు పోవాల్ననే ఉన్నదా?”

“నాకెందుకే మూడో అంతస్తు? మోకాళ్లు ఇప్పటి సందే తిడుతున్నయి.”

“మరి?”

“మరి లేదు, గిరి లేదు. కోళ్లను పోచమ్మకు ఇచ్చి రా పో. సల్ల బాకీ తీరుతది.”

“బాపమ్మా, ఓట్ల ముందటి రోజు నన్ను అడిగినవు యాదున్నదా? బాపు గెలిస్తే నువ్వు ఏం జేస్తవే అని. చాయలు వెడ్త అన్న. నువ్వు పత్తి మూట మీద కూసొని అట్లనే చూసినవు.”

“చూసిన.”

“మరి ఆ ఒక్క ఓటు ఎవలు తప్పిచ్చిండ్రు బాపమ్మా?”

“పసుపు బియ్యం ముట్టినోళ్లు మాట తప్పరే, అందరికి పిల్లలున్నరు. ముట్టనోళ్లం మన ఇంట్ల ముగ్గురమే. మీ బాపు తన గౌను మీద తానే గుద్దుకున్నడు. మీ అమ్మ మొగడు చూపిచ్చిన కాడ గుద్దింది. ఇగ మిగిలిన లెక్క నువ్వు చెయ్యి బిడ్డా, కాలేజీ చదివేదానివి.”