ఎక్కడున్నావని అడగలేదు

ఏమయ్యా సిరిలో, వింటున్నావా? నిన్న బుధవారం, పగలు పదీ ఇరవైకి జరిగిందయ్యా. అప్పట్నుంచీ ఊరంతా ఒకటే పాట, "బెర్తా తప్పేం లేదు, బెర్తా తప్పేం లేదు" అని! ఎంతసేపని వినను? చావింటి నుంచి తిన్నగా ఇంటికెళ్తే పోయినవాళ్లు వెంట వస్తారంటారుగా, అందుకే ఇలా నీ సమాధి దగ్గరికొచ్చి కూర్చున్నాను.

నా బల్ల మీద అంబులెన్సు ఆపద ఫోను మోగింది. "బెర్తా! మెల్చోర్ పడిపోయాడే, మాట లేదు, తొందరగా బండి పంపు!" పాసింగక్క గొంతు, వాళ్లాయన కోసం.

"వచ్చేస్తారక్కా, దేవుడున్నాడు" అన్నాను. అంత మాటన్నదాన్ని, ఎక్కడున్నావని ఒక్క ముక్క అడగలేకపోయానా?

అవునయ్యా, శిక్షణలో చెప్పారు, ముందు అదే అడగమని. ఈ దీవిలో ఎవరి గొంతు నాకు తెలీదు? కొత్తలో ఒకసారి అడిగితే మీ మేనత్త ఏమంది? "నీ పెళ్లికి పందిని కోసింది మా వాకిట్లోనే. అప్పుడే మా ఇల్లు మర్చిపోయావుటే?" అని దులిపేసింది. నువ్వేమో పడీ పడీ నవ్వావు. పంతొమ్మిదేళ్లయింది, మళ్లీ ఎవర్నీ అడగలేదు.

బండిని ఉత్తరపు కొసన వాళ్లింటికి పంపాను. తలుపుకి తాళం. వాకిట్లో కుక్క ఒక్కటే ఉందిట. ఇంతలో అక్క మళ్లీ ఫోను: "ఇంకా రారేమే? కూతురింట్లో ఉన్నాం!" కొబ్బరి ఎండబెట్టడానికని దక్షిణపు ఒడ్డుకి వెళ్లారు, దీవికి ఆ చివర! బండి చుట్టు తిరిగి చేరేసరికి నలభై నిమిషాలు. మెల్చోరన్న అప్పటికే చల్లబడిపోయాడు.

పుస్తకంలో రాయాలి కదా. ప్రతి ఫోనుకీ "ఎక్కడున్నారు" అని ఒక గడి ఉంటుంది. చాలాసేపు దానివంకే చూశాను. "అడిగాను, ఇంట్లోనే అన్నారు" అని రాశాను. జపమాల తిప్పే ఈ చేత్తోనే.

అలా చూడకు. చెప్పేస్తున్నాగా.

సాయంత్రం ఊరిపెద్ద అది చదివి, అక్కకి చెప్పాడు.

ఇవాళ తెల్లవారకుండానే మన అమ్మాయి లుసీలా, నేనూ వెళ్లి, రాత్రంతా శవజాగరణ చేసినవాళ్లకి అల్లం వేసి జావ కాచాం. అక్క శవపెట్టె పక్కనుంచి లేచి పొయ్యి దగ్గరికొచ్చింది. నా భుజం పట్టుకుంది.

"కంగారులో ఇంట్లోనే ఉన్నామని చెప్పానట కదే బెర్తా? నాకు గుర్తే లేదు. నా నోటితో నేనే ఆయన్ని చంపుకున్నాను."

నేనేమన్నానో తెలుసా?

"ఊరుకో అక్కా, కంగారులో ఎవరికైనా అంతే" అన్నాను. జావ అడుగంటకుండా తిప్పుతూనే ఉన్నాను.